పాడని ఇనుము

బాలగంగాధరంగారు కారెక్కితే కబుర్లు చెప్పరు, వేదం వల్లిస్తారు. ఆయన ఘనపాఠి. డెబ్భై ఎనిమిదేళ్ళు మీదపడ్డా సోమవారం వచ్చిందంటే కొత్తపేట నుంచి మురమళ్ళ వీరేశ్వరస్వామి గుడికి వెళ్ళి పారాయణ చేసి రావలసిందే. అక్కడ చెప్పబోయే భాగాన్ని దారిలో ఒకసారి గొంతులో తిప్పుకోవడం ఆయన అలవాటు. ఘనమంటే మాటల్ని ముందుకీ వెనక్కీ అల్లుకుంటూ పోవాలి, పడుగూ పేకా లాగ. ఒక్క స్వరం అటూ ఇటూ అయితే మొదటికొచ్చి మళ్ళీ ఎత్తుకోవాలి.

కారు నడిపేది ఆయన కోడలు వేదవతి. కార్తీకంలో మూడో సోమవారంనాడు, అమలాపురం ఇంకో రెండు మైళ్ళుందనగా, బాతుల మంద ఒకటి తీరిగ్గా రోడ్డు దాటుతూ ఎదురైంది. వేదవతి బ్రేకు తొక్కింది. కారు ఆగింది గానీ తిన్నగా ఆగలేదు. కాలి కింద పెడలు దడదడలాడింది, చేతుల్లో స్టీరింగు వణికింది, బండి మొత్తం పరగడుపున కషాయం తాగిన పిల్లాడిలా జలదరించి ఆగింది. మావగారి గొంతులో ఉన్న స్వరం కూడా దాంతోపాటు మూడు ముక్కలైంది. ఆయన మొదటికొచ్చి మళ్ళీ ఎత్తుకున్నారు. తర్వాత ఒక ఆటో, ఆ తర్వాత ఒక గేదె, ఆ తర్వాత సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసుకుని తక్కిన సగం మీద తను కూర్చున్న పెద్దమనిషి. మురమళ్ళ చేరేసరికి ఆయన ఎనిమిదిసార్లు మొదలుపెట్టేరు, ఒక్కసారీ చివరికి రాలేదు.

సాయంత్రం కొడుకుతో ఆ మాటే చెప్పేరు. చాడీ కాదు, ఆకాశం మబ్బేసిందని చెప్పినట్టు చెప్పేరు.

"అమ్మాయి బాగానే నడుపుతోందిరా. కానీ బ్రేకు పడినప్పుడల్లా, కింద ఉండవలసిన స్వరం పైకి ఎగిరిపోతోంది."

కొడుకు ఉదయభాస్కర్ డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. ఆయనకి సోమవారాలు ప్రాక్టికల్స్ ఉంటాయి కాబట్టే ఏడాదిన్నర కిందట, నలభై నాలుగో ఏట, వేదవతి డ్రైవింగు నేర్చుకుంది. నేర్చుకున్నది మావగారి కోసమే అయినా అది సోమవారంతో ఆగలేదు. మంగళవారం అమలాపురం లైబ్రరీ, శుక్రవారం రావులపాలెం అరటిమార్కెట్టు. బస్సు కోసం నిలబడక్కర్లేదు, ఎవరికి ఎప్పుడు వీలవుతుందో కనుక్కోనక్కర్లేదు. గేటు తీసుకోవడం, వెళ్ళిపోవడం. వంటింటి గుమ్మం పక్కన మేకుకి వేలాడే ఆ తాళంచెవిని చూస్తే ఆమెకి బీరువా తాళాలు చూసినప్పుడు కూడా కలగని ధీమా కలిగేది.

ఉదయభాస్కర్ కంచం ముందు కూర్చుని, వీధి చివర సత్తిరాజు లారీ మానేసి ఖాళీగా ఉన్నాడనీ, వచ్చే సోమవారం నుంచి కారు అతనికి అప్పజెబితే నాన్నగారికి ఇబ్బంది ఉండదనీ అన్నాడు. తాళంచెవి కూడా అతని దగ్గరే ఉంటే మంచిదిట, ఎప్పుడు పని పడుతుందో తెలీదు కదా.

వేదవతి ఆయనకి చారు పోసి, "డ్రైవరు మారితే బ్రేకు మారుతుందాండీ?" అంది.

ఫిజిక్సు మనిషి కాబట్టి ఆ ప్రశ్నకి లొంగక తప్పలేదు. ఒప్పందం కుదిరింది. వచ్చే సోమవారం కార్తీకంలో ఆఖరిది, పారాయణ పెద్దది. ఆ రోజు నాన్నగారి వల్లె ఎత్తుకున్నచోటి నుంచి చివరిదాకా తెగకుండా సాగితే తాళంచెవి మేకు మీదే ఉంటుంది. తెగితే సత్తిరాజు జేబులోకి వెళ్తుంది.

మర్నాడు వేదవతి కారుని మంగరాజు షెడ్డుకి తీసుకెళ్ళింది. మంగరాజుది ఓడలరేవు వైపు వేటపడవల కుటుంబం. పడవ ఇంజన్లు బాగుచేసి చేసి, చివరికి ఒడ్డెక్కి కార్ల పనిలో స్థిరపడ్డాడు. పడవకి బ్రేకుండదనీ, అందుకే తనకి బ్రేకంటే దేవుడంత భక్తనీ చెబుతుంటాడు. ముందు చక్రం విప్పి, లోపలి ఇనప పళ్ళేన్ని, అదే డిస్కుని, చూపించి, వేలుతో తడమమన్నాడు. వేదవతి తడిమింది. కొత్తగా గంట్లు కొట్టించిన రుబ్బురోలులా ఉంది.

"ఒకచోట దళసరి, ఒకచోట పల్చనండి. దీన్ని పట్టుకునే ప్యాడు ఎక్కుతా దిగుతా ఉంటాదండి. ఆ ఎక్కడం దిగడమే మీ కాలికి తెలుస్తాది."

"నేను అంత గట్టిగా తొక్కుతున్నానా?"

"అబ్బే, మీ తొక్కుడు కాదండి. సార్ మోటార్‌సైకిలు మీద తిరిగిన రోజుల్లో ఈ కారు ఏళ్ళ తరబడి షెడ్డులో కూచుందండి. మన గాలికి కూచున్న ఇనుము తుప్పు తినేస్తాదండి. తిరిగే ఇనుముకి ఏమీ అవదండి, ఆయ్."

ఈ ముక్క వేదవతికి చాలా నచ్చింది. ఇంటికెళ్ళి భర్తకి అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది.

డిస్కులూ ప్యాడ్లూ రెండూ మార్చాలి. మార్చేటప్పుడు కారుతో వచ్చినవాటికన్నా మంచివి వేయించాలన్నది ఇద్దరి మాటా. ఏది మంచిదన్నదగ్గరే పేచీ వచ్చింది. ఉదయభాస్కర్ రెండు రోజులపాటు ఫోనులో, ఎవరో విదేశస్థులు మంచుకొండల మలుపుల్లో కార్లు తోలే వీడియోలు చూసి, చిల్లులూ గాడులూ ఉన్న డిస్కులే వెయ్యాలని తేల్చాడు. కోనసీమలో అన్నిటికన్నా ఎత్తైన చోటు కాలవ మీది వంతెన. వేదవతి ఒక కాగితం మీద పదకొండు ప్రశ్నలు రాసుకుంది. బుధవారం సాయంత్రం భర్తనీ, ఫిర్యాదీ ఆయనే కాబట్టి మావగారినీ ఎక్కించుకుని అమలాపురం స్పేర్ పార్టుల షాపుకి బయల్దేరింది.

షాపాయన మూడు రకాలు బల్ల మీద పెట్టేడు. ఒకటి కంపెనీ నుంచి కారుతో వచ్చేలాంటిది. రెండోది ఉదయభాస్కర్ మనసు పడ్డది, ఎర్రరంగు పెట్టెలో, వంటింట్లో చిల్లుల గరిటెకి పెద్దన్నలా ఉంది. మూడోది ఏ హంగూ లేకుండా నున్నగా ఉంది, ఎత్తితే మాత్రం తక్కిన రెండిటికన్నా బరువు.

వేదవతి కాగితం తీసింది. చిల్లులెందుకని అడిగింది. వేడీ నీళ్ళ ఆవిరీ పోవడానికన్నాడు షాపాయన. నలభైలో వెళ్ళే కారుకి అంత వేడి పుడుతుందా అని అడిగింది. పుట్టదన్నాడు. కాలవగట్టు మీది ఇసకా బురదా ఆ చిల్లుల్లో దూరితే ఎవరు తీస్తారని అడిగింది. షాపాయన ఉదయభాస్కర్ వైపు చూసేడు. ఉదయభాస్కర్ పెట్టె మీది బొమ్మ వైపు చూసేడు.

ఈలోగా బాలగంగాధరంగారు పురికొస అడిగి తీసుకుని, ఒక్కో డిస్కునీ వేలాడదీయించి, కారు తాళంచెవితో చిన్నగా తట్టడం మొదలుపెట్టేరు. మొదటిది గుడిగంటలా మోగింది. ఆయన కళ్ళు మూసుకుని శ్రుతి సరిచూసుకుని తల ఊపేరు. చిల్లులది కంచుపళ్ళెంలా కాసేపు గింగురుమంది. మూడోదాన్ని తడితే, అరుగు మీద రోకలి దించినట్టు 'టక్' మని ఊరుకుంది. మళ్ళీ తట్టేరు. మళ్ళీ అంతే.

"ఇందులో నాదం లేదమ్మా, వద్దు," అన్నారాయన.

"అయితే అదే తీసుకుందాం మావయ్యగారూ. కారులో వల్లించేది మీరొక్కరే చాలు."

షాపాయన బల్ల మీద చెయ్యి చరిచేడు. ఆ ఇనుములో కార్బన్ పాలు ఎక్కువనీ, వణుకుని మింగేస్తుందనీ, మోగని డిస్కు కీచుమని అరవదనీ చెప్పేడు. ఇరవయ్యేళ్ళ నుంచి అమ్ముతున్నా ఈ పరీక్ష తనకి తట్టలేదన్నాడు. ఆ రోజు నుంచి ఆ షాపులో ఒక పురికొస వేలాడుతూనే ఉంది.

ప్యాడ్ల దగ్గర ఎక్కువసేపు పట్టలేదు. పందేల కార్లకి వేసేవి మొదట రెండు మూడుసార్లు పట్టవు, వేడెక్కాకే వాటి పట్టు చూడాలని షాపాయన అన్నాడు. కాఫీ పడితేగాని కదలనిది ఇంట్లో ఇప్పటికే ఒకటి ఉందని వేదవతి భర్త వైపు చూడకుండానే చెప్పి, చల్లగా ఉన్నా తొలి నొక్కుకే పట్టేవి, చప్పుడు చెయ్యనివి, సిరామిక్ రకం తీసుకుంది. పెట్టె మీది నంబరుని తన కాగితంతో సరిచూసి, ఇవి మా కారుకి ముందటేడు మోడల్‌వని వాపసిచ్చి, సరైనవి తెప్పించింది. షాపాయన తన ఫోన్ నంబరు అడక్కుండానే రాసిచ్చేడు.

మంగరాజు షెడ్డులో ఒక స్కూలు బస్సు అడ్డంగా పడి ఉంది. శనివారానికి గాని ఖాళీ లేదన్నాడు. సరుకు అక్కడే పెట్టేస్తే పోయేది. కానీ ఉదయభాస్కర్ డిస్కుల మందం అన్నివైపులా సమానంగా ఉందో లేదో స్వయంగా చూస్తానని, కాలేజీ ల్యాబు నుంచి వెర్నియర్ కాలిపర్స్ పట్టుకొచ్చి, గురువారం పొద్దున్న అరుగు మీద అన్నీ విప్పి పరిచేడు. అన్నివైపులా సమానంగానే ఉంది. ఆ సంతోషంలో వాటిని అలాగే వదిలి కాలేజీకి వెళ్ళిపోయేడు. వేదవతి అప్పటికే బంధువులింట్లో నోము పేరంటానికి వెళ్ళింది. మధ్యాహ్నానికి అల్పపీడనం వాన పట్టుకుంది. సాయంత్రం ఆమె వచ్చేసరికి అరుగు ఖాళీ. డిస్కులూ ప్యాడ్లూ పెట్టెల్లో పదిలంగా పక్కగదిలో ఉన్నాయి. అత్తగారు లోపల పెట్టేరు కాబోలనుకుని, పెట్టెలకి తాడు కట్టి శనివారం షెడ్డుకి చేర్చింది.

మంగరాజు పని శ్రద్ధగానే చేసేడు. డిస్కుల మీద తుప్పు పట్టకుండా కంపెనీవాళ్ళు నూనె రాసి పంపుతారుట, ఈసారి చెయ్యి కాస్త ఎక్కువే తిప్పేరనుకుంటూ జిడ్డు వదిలించే మందు చల్లి శుభ్రంగా తుడిచేడు. ప్యాడ్లకి మెరుపెందుకుందని అనుమానించలేదు, కొత్తవి కదా. కొత్త ప్యాడ్లు డిస్కు మీద సర్దుకోవాలంటే ఒక పద్ధతుంది. యాభైలో వెళ్ళి, పూర్తిగా ఆగకుండా పదికి తగ్గాలి, మళ్ళీ యాభై, మళ్ళీ పది, ఇలా పదిసార్లు. పప్పు మెత్తబడేదాకా ఎనపడం లాంటిదని వేదవతి అర్థం చేసుకుంది.

ఆదివారం పొద్దున్న జనం లేని కాలవగట్టు రోడ్డు మీద ఆ పని పెట్టుకున్నారు. స్టీరింగు దగ్గర వేదవతి, పక్కన మంగరాజు, వెనక సీట్లో ఉదయభాస్కర్.

మొదటి మూడుసార్లు కారు తగ్గింది గానీ బద్ధకంగా తగ్గింది. ప్యాడ్లు ఇంకా కూర్చోలేదండి అన్నాడు మంగరాజు. వణుకు మాత్రం లేదు. అయిదోసారికి కిటికీలోంచి వాసన వచ్చింది. కాలే ప్యాడ్ల వాసన మామూలేనండి అన్నాడతను. వేదవతి ముక్కు మాత్రం ఒప్పుకోలేదు. ఇరవై రెండేళ్ళుగా పొయ్యి ముందు నిలబడ్డ ముక్కు అది. ఇది కాలే వాసన కాదు, కాగే వాసన.

ఏడోసారి తొక్కినప్పుడు పెడలు గట్టిగానే ఉంది, కారు మాత్రం మాట వినలేదు. ముప్ఫైకి దిగి అక్కడి నుంచి వెన్న మీద కత్తిలా జారుతూ పోతోంది. ఎదర మలుపు. మలుపు అవతల కాలవ, ఇవతల కాంతమ్మగారి పీచు మిల్లు. వేదవతి గేరు రెండులోకి దింపింది, చేతిబ్రేకు ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా లాగింది, చక్రం ఇవతలికి తిప్పింది. కారు మిల్లు ముందు ఆరబోసిన కొబ్బరిపీచు గుట్టలోకి, అత్తారింట్లో పరుపు మీద కొత్తల్లుడు వాలినట్టు, మెత్తగా వాలి ఆగింది.

కాంతమ్మ మిల్లులోంచి బయటికొచ్చి, బాడుగ లేకుండా పడుకుంటానికి ఇదేమన్నా సత్రవా అండీ అని అడిగింది. అందరూ క్షేమమేనని తేలాక, మంచినీళ్ళు తెస్తానని లోపలికెళ్ళింది.

మంగరాజు దిగి చక్రం దగ్గర వంగేడు. వేదవతి కూడా వంగి ఒక్క పీల్పు పీల్చింది.

"మంగరాజుగారూ, ఇది బ్రేకుల వాసన కాదు. కొబ్బరినూనె."

అన్నది అంతవరకే. కొబ్బరినూనెలో కరివేపాకూ మెంతులూ వేసి కాచిన వాసన అది. ఆ నూనె ఇంట్లో ఒకేచోట ఉంటుంది, అత్తగారు శారదాంబగారి గూట్లో, తలకి రాసుకునే సీసాలో. ఆ సంగతి ఆమె పైకి చెప్పలేదు.

ప్యాడు నూనె తాగేసిందండి, ఇంక అది దేనికీ పనికిరాదండి అన్నాడు మంగరాజు. ఉదయభాస్కర్ ముఖం పాలిపోయి ఉంది. పెట్టెలకి తాడు కట్టింది ఎవరు, షెడ్డుకి తీసుకెళ్ళింది ఎవరు, ఒక్కసారి తెరిచి చూసుకోవద్దా అని భార్యనే అడిగేడు. తప్పు తనది కాదని చెప్పడానికి ఆమెకి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతో అత్తగారు తల దించుకోవాల్సి వస్తుంది. వేదవతి జడలో చిక్కుకున్న పీచు తీసుకుంటూ ఊరుకుంది. ఉదయభాస్కర్ చెయ్యి చాపి కారులోంచి తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నాడు. రేపు సత్తిరాజు అద్దెకారు తెస్తాడన్నాడు.

"ఆయ్, సత్తిరాజు లారీ తోలినోడండి. బ్రేకు లేదంటే ఇంకా గట్టిగా తొక్కేవోడండి. ఈపాటికి మనం కాలవలో ఉండేవాళ్ళవండి," అన్నాడు మంగరాజు. "అమ్మగారు పడవ ఒడ్డుకి చేర్చినట్టు చేర్చేరండి. మా నాన్న కూడా ఇలాగే చేర్చేవోడండి."

ఉదయభాస్కర్ కాలవ వైపు ఒకసారి చూసేడు. తాళంచెవి మాత్రం జేబులోనే ఉంది.

ఇంటికొచ్చి, బ్రేకులకి ఎవరో నూనె రాసేరని ఆయన తండ్రికి చెబుతుంటే, శారదాంబగారు చేతిలో కూరగిన్నెతో గుమ్మంలోకి వచ్చేరు.

"ఎవరో ఏమిటిరా భాస్కరం, నేనే రాశాను."

తండ్రీకొడుకులిద్దరూ ఒక్కసారే తలలెత్తేరు.

"కొత్త ఇనుము వానజల్లులో తడుస్తోంది. కత్తిపీటకి రాస్తాం, అట్లపెనానికి రాస్తాం, నీ పెళ్ళికి కొన్న కొబ్బరికోరాముకి ఇప్పటికీ రాస్తున్నాను, చూడు ఎలా ఉందో. మన ఇంట్లో ఇనుము నూనె లేకుండా ఒక్క పూటన్నా ఉందా? ఖరీదైనవి కదా అని నా తలనూనే రాశాను. ఆ చిన్న బిళ్ళలకి రెండుసార్లు పట్టించాను, పీల్చేస్తుంటేను."

ఆవిడ కోడలి వైపు తిరిగేరు. "నీకు వాసన తెలీలేదుటే?"

"తెలిసిందండి అత్తయ్యగారూ."

శారదాంబగారు కూరగిన్నె బల్ల మీద పెట్టి, కొడుకు ముందు నిలబడి, వాటిని విప్పి వానకి వదిలేసింది ఎవరని అడిగేరు. ఉదయభాస్కర్ గూట్లో ఉన్న వెర్నియర్ కాలిపర్స్ వంక చూసేడు. అది ఏ సాయమూ చెయ్యలేదు. ఆవిడ చెయ్యి చాపేరు. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చేడు. ఆవిడ దాన్ని కోడలికివ్వలేదు. వెళ్ళి మేకుకి తగిలించేరు.

"పందెం పందెమే. రేపు తేలనీ," అన్నారు.

డిస్కులకేం భయం లేదు, కడిగితే చాలు. కావలసింది కొత్త ప్యాడ్లు. ఆదివారం, పైగా కార్తీకం. షాపాయన ఎక్కడో కొబ్బరితోటలో వనభోజనాల్లో ఉన్నాడని ఫోనులో తెలిసింది. వేదవతి పెట్టె మీది నంబరు ఒక్కో అంకే చెప్పింది. మంగరాజు మోటార్‌సైకిలు మీద వెళ్ళి, పంక్తిలో ఉసిరిచెట్టు కింద కూర్చున్న మనిషిని బూరెల వడ్డన కాగానే లేవదీసి, షాపు తెరిపించి, మూడు గంటలకి తిరిగొచ్చేడు. ఈసారి పెట్టె షెడ్డు దాటి ఎక్కడికీ పోలేదు. శారదాంబగారు కూడా వెళ్ళి స్టూలు మీద కూర్చుని, పని అయ్యేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసేరు. కాలవగట్టు మీద పదిసార్లూ అయ్యేసరికి ఇంకా పొద్దుంది. పదోసారి వేదవతి కాలు ఆనించిందో లేదో కారు, పిలిస్తే పలికే పిల్లలా, నిదానించింది. కాంతమ్మ మిల్లు ముందు నిలబడి, రానక్కర్లేదండీ అన్నట్టు చెయ్యి ఊపింది.

సోమవారం పొద్దున్నే సత్తిరాజు తల దువ్వుకుని వచ్చేడు. శారదాంబగారు కాఫీ ఇచ్చి, కబురు చేస్తాం ఉండమని అరుగు మీద కూర్చోబెట్టేరు. తను మాత్రం వెళ్ళి కారు వెనక సీట్లో కూర్చున్నారు. ఈ ఏడాదిన్నరలో కోడలు నడిపే కారు ఆవిడ ఎక్కడం ఇదే మొదలు.

ఊరు దాటగానే బాలగంగాధరంగారు ఎత్తుకున్నారు. అమలాపురం ముందర బాతులు మామూలుగానే వచ్చేయి. వాటికి ఒప్పందాలతో పనిలేదు. వేదవతి కాలు ఆనించింది. వల్లె తెగలేదు. ఆటో వచ్చింది, గేదె వచ్చింది, ధాన్యం పెద్దమనిషి ఇవాళ మంచం కూడా వేసుకున్నాడు. కారు ఆగుతోంది, కదులుతోంది, ఆయన గొంతు మాత్రం ఒక్కటే దారంలా సాగిపోతోంది. వేదవతి ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీసుకుంటోంది. ముమ్మిడివరం వచ్చేసరికి ఆయన ఆఖరి మాటని ఆఖరి స్వరంతో దించి, రెండు చేతులూ జోడించేరు.

వెనక సీట్లో శారదాంబగారు కొడుక్కి ఫోను చేసేరు. సత్తిరాజుకి ఇంకో కాఫీ ఇచ్చి పంపించెయ్యమని చెప్పి, అవతలివాళ్ళ మాట వినకుండానే పెట్టేసేరు.

మురమళ్ళ ఇంకా నాలుగు మైళ్ళుంది. వల్లించవలసింది అయిపోయింది. ఇన్నాళ్ళూ ఎప్పుడూ ఇలా జరగలేదు కాబట్టి, మిగిలిన దారిలో ఏం చెయ్యాలో బాలగంగాధరంగారికి కాసేపు తోచలేదు. కిటికీలోంచి చూసేరు. కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆపైన సీటులో ముందుకి జరిగి, మొట్టమొదటిసారి రోడ్డు వంక చూసేరు.

"అమ్మాయ్, ఎదర లారీ ఉంది. చూశావా?"

"చూశానండి మావయ్యగారూ."

"హారను కొట్టు. ఊఁ, అంత గట్టిగా కాదు. ఆ సైకిలాయన్ని వెళ్ళనీ. ఇప్పుడు నెమ్మదిగా కుడివైపుకి... కుడివైపే కదా మనది? కాదా?"

వేదవతి అద్దంలో అత్తగారి వంక చూసింది. అత్తగారు అప్పటికే నవ్వు ఆపుకోవడానికి పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.